ఒంటి మీద పడుగు

షోలాపూర్ తూర్పు పేటల్లో సాంచాలు నడిపే పెద్దవాళ్లను నొప్పి ఎక్కడని అడగండి. వేలు పెట్టి ఒక చోటు చూపించరు. అరచెయ్యి మెడ మీద వేసి, భుజం వెనక నుంచి మోచేతి మీదుగా చిటికెన వేలి దాకా జార్చి, "ఈడికెల్లి ఆడిదాంక గుంజుతది" అంటారు. సాఖర్ పేటలో, అశోక్ చౌక్ చుట్టుపక్కల, తెలంగాణ పల్లెల నుంచి తరతరాల కింద వచ్చి స్థిరపడిన పద్మశాలీల ఇళ్లలో ఇది మామూలు మాట. చద్దర్లు నేసే మగవాళ్లే కాదు, గుమ్మాల్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కూడా నొప్పిని ఇలాగే చూపిస్తారు. వాళ్లకు అది చుక్క కాదు, గీత.

చైనా సంప్రదాయ వైద్యంలోని మెరిడియన్ సిద్ధాంతం ఇలాంటి సైగ దగ్గరే మొదలైందని నా నమ్మకం. సిద్ధాంతాన్ని క్లుప్తంగా చెప్పాలంటే: ఒంట్లో 'చీ' అనే ప్రాణశక్తి నెత్తురుతో పాటు కొన్ని దారుల వెంట తిరుగుతుంది. లోపలి అవయవాలను చేతులకూ కాళ్లకూ ముఖానికీ కలిపేవి ఆ దారులే. దారి పొడుగునా కొన్ని బిందువులుంటాయి. అక్కడ సూది గుచ్చినా వేడి తగిలించినా ఆ ప్రవాహం సర్దుకుంటుంది. దీన్ని నమ్మేవాళ్లూ ఉన్నారు, కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఆ తగువు తర్వాత చూద్దాం. ముందు దీన్ని ఒక పనిగా, చాలామంది చేతులు కలిసి వెయ్యేళ్లకు పైగా చేసిన పనిగా చూడాలని నా కోరిక. చూస్తే ముచ్చటేస్తుంది.

1973లో చైనాలోని చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్‌లో మూడో నంబరు సమాధిని తెరిచారు. అది క్రీస్తుపూర్వం 168లో మూసిన సమాధి. లోపల పట్టుబట్ట మీద రాసిన వైద్య గ్రంథాలు కొన్ని దొరికాయి. వాటిలో మెరిడియన్ల తొలి రూపం కనిపిస్తుంది. మొత్తం పదకొండు దారులు. ఒక గ్రంథంలో మూడింటికి మరీ తేలికైన పేర్లున్నాయి: భుజం దారి, చెవి దారి, పంటి దారి. ఒక్కో దారికి వరస ఒకటే. ముందు అది ఎక్కడ నుంచి ఎక్కడికి పోతుందో చెబుతారు, తర్వాత దాని వెంట వచ్చే బాధలు చెబుతారు. భుజం దారి కింద రాసిన బాధల్లో మెడ తిప్పలేకపోవడం, భుజం పీకేస్తున్నట్టు ఉండటం ఉన్నాయి. షోలాపూర్‌లో ఆ పట్టుబట్ట చదివి వినిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. వైద్యం మాత్రం ఒక్కటే, మాచిపత్రి జాతి ఆకును ఎండబెట్టి ఉండచేసి ఆ దారి మీద కాల్చి వేడి పెట్టడం. సూది లేదు, బిందువుల పేర్లు లేవు. ఒక దారి చివర ఇంకో దారికి తగలదు. పదకొండు విడి పోగులు.

ఆ విడి పోగులను బొమ్మ మీదికి ఎక్కించినవాళ్ల పనితనం ఇంకో రెండు చోట్ల బయటపడింది. 1993లో సిచువాన్ రాష్ట్రంలోని మియాన్‌యాంగ్ దగ్గర హాన్ కాలపు సమాధిలో ఒక చెక్క మనిషి దొరికాడు. ఎత్తు 28 సెంటీమీటర్లు. నల్లటి లక్కపూత మీద ఎర్రటి గీతలు తల నుంచి పాదాల దాకా దిగుతాయి. అక్షరాలు లేవు, చుక్కలు లేవు. 2012లో చెంగ్దూలో మెట్రో రైలు మూడో లైను కోసం తవ్వుతుంటే లావ్‌గ్వాన్‌షాన్ సమాధులు బయటపడ్డాయి. అక్కడి లక్క మనిషి ఇంకా చిన్నవాడు, 14 సెంటీమీటర్లు, జానెడు కూడా లేడు. ఆ కాస్త ఒంటి మీదే సన్నగా చెక్కిన తెల్ల గీతలు, వాటి పక్కనే కుంచెతో దిద్దిన ఎర్ర గీతలు, వందకు పైగా చుక్కలు. అక్కడక్కడ గుండె, ఊపిరితిత్తి, మూత్రపిండం అని చిన్న అక్షరాలు. వేలెడు వెడల్పు లేని వీపు మీద ఆ గీతలు ఒకదానికొకటి తగలకుండా లాగిన చెయ్యి ఎవరిదో గానీ, ఆ చేతికి తొందర లేదు.

అదే తవ్వకంలో, ఇంకో సమాధిలో, నాలుగు మగ్గాల నమూనాలు కూడా దొరికాయి. చెక్కతో, వెదురుతో చేసినవి. బట్టలో బొమ్మ నేయడానికి పడుగును వరసల వారీగా ఎత్తే ఏర్పాటు వాటిలో ఉంది. అలాంటి మగ్గాలకు ఇప్పటిదాకా ప్రపంచంలో దొరికిన సాక్ష్యాల్లో ఇవే అన్నిటికన్నా పాతవి. మగ్గాల చుట్టూ పని చేస్తున్న చెక్క మనుషులు కూడా ఉన్నారు. చద్దరు మీద నెమలిని జకార్డుతో ఎత్తే ఊరివాళ్లు ఆ బొమ్మలను చూస్తే దూరపు చుట్టాలను చూసినట్టే ఉంటుంది. మెరిడియన్‌ను చైనా వైద్యులు 'జింగ్' అంటారు, మగ్గం మీద పడుగునూ అదే మాటతో పిలుస్తారు. ఇందులోంచి పెద్ద రహస్యం లాగాలని లేదు. ఈ దారులను గీసినవాళ్లకు మగ్గం కొత్త కాదన్నంత వరకే తీసుకుంటాను.

అసలు పనితనం తర్వాతి మెట్టులో ఉంది. హాన్ కాలంలో, క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం ప్రాంతంలో రూపు కట్టిందని పండితులు అంచనా వేసే 'హువాంగ్‌ది నెయ్‌జింగ్' గ్రంథంలో, 'లింగ్‌షు' అనే భాగంలో, పదకొండు దారులు పన్నెండయ్యాయి. అంతకన్నా ముఖ్యం, అవి ఒకదానికొకటి అతుక్కున్నాయి. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగులను పాత కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. ఒక్క కొస తప్పినా బట్టలో గీత పడుతుంది. లింగ్‌షు పదో అధ్యాయం రాసినవాళ్లు చేసింది ఆ అతుకుడు పని.

ఎలా అతికారో చూడండి. మొదటి దారి ఊపిరితిత్తులది. కడుపు మధ్యలో మొదలై, చంక దగ్గర బయటికొచ్చి, చేతి లోపలి వైపుగా బొటనవేలి కొసకు చేరుతుంది. అక్కడితో ఆగిపోతే అది పాత పట్టుబట్ట మీది విడి పోగే. అందుకని మణికట్టు వెనక నుంచి ఒక చిన్న పాయ తీశారు. అది చూపుడువేలి కొసకు పోతుంది. చూపుడువేలి దగ్గర పెద్దపేగు దారి అందుకుంటుంది. అది చేతి బయటి వైపుగా ఎక్కి ముఖానికి వస్తుంది. పై పెదవి మీద కుడిదీ ఎడమదీ ఒకదాన్నొకటి దాటి ముక్కు పక్కకు చేరతాయి. అక్కడ జీర్ణాశయం దారి మొదలు. అది ముందు వైపుగా ఛాతీ, పొట్ట, తొడ దిగి రెండో కాలివేలికి చేరి, పాదం మీద నుంచి బొటనవేలికి పాయ ఇస్తుంది. బొటనవేలి నుంచి ప్లీహం దారి కాలి లోపలి వైపుగా ఛాతీకి ఎక్కుతుంది. ఛాతీ నుంచి చెయ్యి, చెయ్యి నుంచి తల, తల నుంచి కాలు, కాలు నుంచి మళ్లీ ఛాతీ. ఒక చుట్టు పూర్తి.

రెండో చుట్టులో గుండె, చిన్నపేగు, మూత్రాశయం, మూత్రపిండాలు. మూడో చుట్టులో గుండె చుట్టూ ఉండే పొర, మూడు కొలుముల దారి, పిత్తాశయం, కాలేయం. కాలేయం దారి చివర మళ్లీ ఊపిరితిత్తులకు చేరుతుంది. పన్నెండు పోగులు, మూడు చుట్లు, ఎక్కడా వేలాడే కొస లేదు. 'మూడు కొలుములు' అన్నది ఏ కోతబల్ల మీదా కనిపించే అవయవం కాదు. ఛాతీ, నడుము, పొత్తికడుపు భాగాల పనిని కలిపి చెప్పే పేరు. లెక్క కుదరడానికి దాన్ని తెచ్చి పెట్టారని అనిపిస్తే, మీ అనుమానం అన్యాయం కాదు.

ఇప్పుడు మీ కుడి చెయ్యి చాచండి. లోపలి వైపు, ఎండ తగలని వైపు, యిన్. బయటి వైపు యాంగ్. రెండు వైపులా మూడేసి దారులు. లోపల బొటనవేలి అంచున ఊపిరితిత్తి, నడుమ గుండెపొర, చిటికెన వేలి అంచున గుండె. బయట చూపుడువేలి వరసలో పెద్దపేగు, ఉంగరపు వేలి వరసలో మూడు కొలుములు, చిటికెన వేలి వరసలో చిన్నపేగు. లోపలి దానికి సరిగ్గా ఎదురుగా బయటిది జంట. ఊపిరితిత్తికి పెద్దపేగు, గుండెకు చిన్నపేగు. కాళ్ల మీదా ఇదే వరస. తూర్పు పేటలో చెయ్యి జార్చి చూపించిన గీత ఉందే, చిటికెన వేలి నుంచి చేతి వెనక అంచుగా భుజపు రెక్క మీదికి, మెడకు, అది ఈ పటంలో చిన్నపేగు దారి.

ఇంత పొందికలో ఒక్క చోట మాత్రం వరస తప్పుతుంది. కాలి లోపలి వైపు మూడు దారుల్లో కాలేయానిది నడిమధ్య ఉండాలి. మోకాలి పైన అలాగే ఉంటుంది. కిందికి వస్తే, చీలమండకు ఎనిమిది అంగుళాల పైన ఉన్న చోటు నుంచి పాదం దాకా, అది ప్లీహం దారికన్నా ముందుంటుంది. అంటే రెండూ అక్కడ ఒకదాన్నొకటి దాటుతాయి. అందం కోసమే గీసిన పటమైతే ఈ మెలిక ఉండేది కాదు. సిద్ధాంతం సాఫీగా ఉండాలని సర్దేసే అవకాశం ఉండి కూడా, పాతవాళ్లు ఎలా చెప్పారో అలా ఉంచేశారు. ఈ పటం మొత్తంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఆ ఒక్క అడ్డదాటు.

అయితే లెక్కల దగ్గర ఆ నిగ్రహం లేదు. లింగ్‌షులో దారుల పొడుగులు కొలిచి ఇచ్చారు. హాన్ కాలపు అడుగు దాదాపు 23 సెంటీమీటర్లు, మన జానెడంత, కాబట్టి జానలనే చెప్పుకుందాం. చేతి యాంగ్ దారులు రెండు చేతులకీ కలిపి ఆరు, ఒక్కొక్కటి 5 జానలు. చేతి యిన్ దారులు ఆరు, మూడున్నర చొప్పున. కాలి యాంగ్ దారులు ఆరు, 8 చొప్పున. కాలి యిన్ దారులు ఆరు, ఆరున్నర చొప్పున. ఇవి కాక చీలమండల దగ్గర మొదలయ్యే రెండు ప్రత్యేక దారులు ఏడున్నర చొప్పున, వెన్ను మధ్య గీత, పొట్ట మధ్య గీత నాలుగున్నర చొప్పున. కూడితే 162 జానలు. ఒక ఊపిరికి చీ ఆరంగుళాలు కదులుతుంది, జానకు పదంగుళాలు. 270 ఊపిరులకు ఒక చుట్టు. పగలూ రాత్రీ కలిపి 50 చుట్లు, 13,500 ఊపిరులు. నేను కూడి, గుణించి చూశాను, అంగుళం తేడా రాలేదు. తేడా వచ్చేది మనిషి దగ్గరే. 13,500 ఊపిరులంటే నిమిషానికి తొమ్మిది చిల్లర. మామూలుగా కూర్చున్న మనిషి నిమిషానికి పన్నెండుకు తగ్గకుండా పీలుస్తాడు. యాభై అనే గుండ్రటి అంకెకు తగ్గట్టు ఊపిరిని సర్దారని చెప్పడానికి సందేహించనక్కరలేదు. చిట్టా రాసేవాడు రోకడ కుదర్చడానికి చేసే పని అది.

పెద్ద దారుల మధ్య అడ్డంగా, జంటలను కలుపుతూ, చర్మం దాకా చిలవలు పలవలుగా పోయే సన్న దారులు కూడా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి పదిహేను. వాటి గురించి ఇంతకన్నా చెప్పుకోవడానికి పెద్దగా లేదు.

కొలత దగ్గర మాత్రం ఆగాలి. బిందువును పట్టుకోవడానికి వాడే అంగుళం బద్ద మీది అంగుళం కాదు, రోగి ఒంటి అంగుళం. మోచేతి మడత నుంచి మణికట్టు మడత దాకా ఎవరికైనా పన్నెండే. పొడుగాటి మనిషికి ఆ పన్నెండు పెద్దవి, పిల్లవాడికి చిన్నవి. రోగి బొటనవేలి వెడల్పు ఒకటి, నాలుగు వేళ్లు చేర్చి పెడితే మూడు. మణికట్టు మడతకు రెండంగుళాల పైన, రెండు స్నాయువుల నడుమ నెయ్‌గ్వాన్ అనే బిందువు. మోకాలిచిప్ప కింద మూడంగుళాలు దిగి, ముందు ఎముక అంచు నుంచి వేలెడు బయటికి జరిగితే ద్జుసాన్‌లీ. ఏ మనిషికైనా అతని ఒంటి నుంచే కొలబద్ద తీయాలన్నది ఆలోచన. మూడో శతాబ్దంలో హువాంగ్‌ఫు మి అనే పండితుడు పాత గ్రంథాలన్నీ జల్లెడ పట్టి 349 బిందువులకు పేరు, చోటు, సూది లోతు రాసిపెట్టాడు.

రాసింది రాసినట్టే నకళ్లు ఎత్తుతూ పోతే తప్పులు పేరుకుంటాయి. ఆ తప్పులకు కంచుతో జవాబు చెప్పినవాడు వాంగ్ వెయ్‌ఈ. సాంగ్ చక్రవర్తి ఆజ్ఞ మీద ఆయన 1027లో రెండు నిలువెత్తు కంచు మనుషులను పోత పోయించాడు. లోపల బోలు. 354 బిందువుల దగ్గర సన్నటి బెజ్జాలు, పక్కనే పేర్లు. పరీక్ష రోజున బయట మైనం పూసి బెజ్జాలను, పేర్లను మూసేసేవారు. లోపల నీళ్లు నింపేవారు. విద్యార్థికి బిందువు పేరు చెబితే కొలిచి సూది గుచ్చాలి. చోటు సరైనదైతే సూది దిగి నీళ్లు వస్తాయి. తప్పితే మైనం వెనక కంచే తగులుతుంది. ఇంత నిక్కచ్చి పరీక్ష వైద్య విద్యలో ఆ కాలానికి ఇంకెక్కడైనా ఉందా అంటే నాకు తోచడం లేదు. ఒకటి మాత్రం మరిచిపోకూడదు. ఆ కంచు మనిషి పరీక్షించేది విద్యార్థి చేతిని, సిద్ధాంతాన్ని కాదు. బెజ్జం ఎక్కడ పెట్టాలన్నది ముందే తేల్చుకుని పోత పోశారు.

ఈ సూదులకూ షోలాపూర్‌కూ ఒక చిత్రమైన బంధుత్వం ఉంది. ఊళ్లో భయ్యా చౌక్ దగ్గర డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ స్మారకం ఉంది. 1910 అక్టోబర్ 10న ఈ ఊళ్లోనే పుట్టిన మరాఠీ బిడ్డ. జపాన్ దాడిలో నలిగిపోతున్న చైనాకు 1938లో కాంగ్రెస్ పంపిన అయిదుగురు డాక్టర్లలో ఒకరు. బెత్యూన్ అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి సంచాలకుడై, అక్కడి నర్సు గువో చింగ్‌లాన్‌ను పెళ్లి చేసుకుని, 1942 డిసెంబర్ 9న, ముప్ఫై రెండేళ్లకే పోయారు. ఆయన పట్టింది శస్త్రచికిత్స కత్తి, సూది కాదు. సూది పట్టింది ఆయన జట్టులోని బెంగాలీ మిత్రుడు డాక్టర్ బిజయ్ కుమార్ బసు. యుద్ధమయ్యాక మళ్లీ చైనా వెళ్లి నేర్చుకుని వచ్చి, 1959లో కలకత్తాలో వైద్యం మొదలుపెట్టారు. మన దేశంలో ఆక్యుపంక్చర్‌కు అదే తొలి అడుగు. లూధియానాలో కోట్నిస్ పేరు మీద నడిచే ఆసుపత్రి ఆక్యుపంక్చర్‌దే. అలా షోలాపూర్ సర్జను పేరు, ఆయన వాడని సూదులకు మన దేశంలో గుర్తుగా మిగిలింది. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ను విడి వైద్య పద్ధతిగా గుర్తించింది. మహారాష్ట్ర దీనికోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది.

మరి ఆ దారులు నిజంగా ఒంట్లో ఉన్నాయా? కోసి చూసినవాళ్లకు కనబడలేదు. నరమో, రక్తనాళమో కాని మూడో గొట్టం ఏదీ తేలలేదు. 2007లో జర్మనీలో 1,162 మంది నడుంనొప్పి రోగులను మూడు జట్లు చేసి చూశారు. పటం ప్రకారం సూదులు పడ్డవాళ్లలో ఆరు నెలలకు 47.6 శాతం మందికి మేలు కనిపించింది. పటంతో సంబంధం లేని చోట్ల పైపైన గుచ్చినవాళ్లలో 44.2 శాతం. మామూలు మందులు, వ్యాయామాల జట్టులో 27.4 శాతం. అంటే సూదికి ఏదో బలముంది. ఆ బలం ఎక్కడ గుచ్చామన్న దాని మీద అంతగా ఆధారపడినట్టు లేదు. పటాన్ని ప్రేమించేవాడికి ఈ అంకెలు మింగుడుపడవు. నెయ్‌గ్వాన్ కథ కాస్త వేరు. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం, వాంతులు ఆ బిందువు మీద ఒత్తిడితో తగ్గుతాయని చాలా పరీక్షల్లో తేలింది.

పేటల్లోని మనవాళ్లకు ఒక్క మాట తప్పనిసరిగా చెప్పాలి. నూలు దుమ్ము మధ్య ఏళ్ల తరబడి పనిచేసి, సెలవు తర్వాత మళ్లీ పనిలోకి దిగిన రోజున ఛాతీ పట్టేస్తుంటే అది దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. దానికి బొటనవేలి దారి పనికిరాదు, ఛాతీ డాక్టరు కావాలి. బొటనవేలి దారిని మెచ్చుకోవడానికి దానితో రోగం నయం కావాలన్న షరతు నేను పెట్టను. జకార్డు అట్టలు కొట్టే ముందు గళ్ల కాగితం మీద గీసే నెమలి ఏ చెట్టు మీదా వాలదు. అయినా గళ్లు ఎంత శ్రద్ధగా నింపారో కనిపెట్టలేని నేతగాడు ఉండడు.

ఆ శ్రద్ధ ఇంకా ఆగలేదు. చైనా, జపాన్, కొరియా వైద్యులు తమ తమ పటాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే 361 బిందువుల్లో 92 చోట్ల తేడా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నుంచి వాళ్లను కూర్చోబెట్టి కొలతలు పోల్పించింది. పాత గ్రంథాలు తిప్పారు, వాదించుకున్నారు, ఒక్కొక్కటే ఒప్పుకున్నారు. 2008లో పుస్తకం వచ్చేసరికి ఆరు మిగిలాయి. అరచేతిలోని లావ్‌గోంగ్ బిందువు మధ్యవేలి ఎముకకు చూపుడువేలి వైపు సందులో ఉందా, ఉంగరపు వేలి వైపు సందులో ఉందా అన్నది తేలలేదు. గుండెపొర దారి ఆఖరి బిందువు మధ్యవేలి కొసన ఉందా, గోరు పక్కన ఉందా అన్నదీ తేలలేదు. ఆ ఆరింటికీ రెండేసి చోట్లు చూపించి పుస్తకం అచ్చువేశారు.